స్ఫూర్తి ఉలిక్కిపడలేదు

మాది రాయచూరు బజారులో స్టీలు సామాన్ల అంగడి. కింద అంగడి, పైన చెక్క మిద్దె మీద మా కాపురం. పొద్దున షట్టరు లేచిన దగ్గర నుంచి బిందె బిందెకు తగలడం, తట్టల దొంతర జారడం, కొనేవాళ్ళు గిన్నెను గోటితో కొట్టి చూడడం, ఇదే మోత. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు సాయంత్రానికి తల పగిలిపోయేది. మా పాప స్ఫూర్తికి మాత్రం ఏమీ కాదు. ఒకరోజు పెద్ద కొప్పెర ఒకటి నిచ్చెన మీది నుంచి పడి మెట్ల దాకా దొర్లుకుంటూ వచ్చింది. వీధిలో కుక్కలు మొరిగాయి. ఉయ్యాలలో పాప కన్ను తెరవలేదు.

"సూడు, అసలైన అంగడి పిల్ల," అని మా అత్తమ్మ కమలమ్మ మురిసిపోయింది. "మీ మామ గూడ గిట్లనే. తలకాడ బిందెలు కొట్టినా గుర్రు ఆగది."

"నీ మాటలు ఇనకుండ నిద్రపోనీకె నేర్చుకున్న విద్య అది," అన్నాడు మామ గోపాలయ్య కింద నుంచే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాపకు పది నెలలు వస్తున్నాయి. నా ముఖం కనబడితే చాలు, రెండు చేతులూ చాచి కేరింతలు కొడుతుంది. ముఖం కనబడకుండా వెనక నుంచి పిలిస్తే మాత్రం ఎంత పిలిచినా తిరగదు. తన బొమ్మ, తన లోకం. నా బిడ్డకు వినబడుతుందా, వినబడదా? అన్నం కలుపుతున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

ఎవరితో చెప్పినా లాభం లేదు. ఇంట్లో నాకు బుగులు మనిషినని పేరు. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. ఎక్కిళ్ళు వచ్చాయని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. మాడు మెత్తగా ఉందని ఇంకోసారి. పియుసి మొదటి ఏడాదిలోనే అమ్మకు బాగాలేక చదువు మానేసినదాన్ని. ఏది మామూలో ఏది కాదో పుస్తకం చూసి తెలుసుకునే ధైర్యం లేదు, అడిగితే నవ్వుతారు.

"మొన్న మాడు, నిన్న ఎక్కిళ్ళు, ఇయ్యాల చెవులా?" అన్నాడు మా ఆయన తిరుమలేశ్. విసుగుతో కాదు, ముద్దుగానే అన్నాడు. "మా అమ్మ ఎనకనుంచి వస్తుంటే తిరిగి సూస్తది గద. ఇనకుంటే ఎట్ల సూస్తది, చెప్పు."

అది నిజమే. అత్తమ్మ గదిలోకి అడుగు పెట్టకముందే పాప గుమ్మం వైపు తిరుగుతుంది.

ఇంతలో మా అన్న యోగానంద్ ఫోన్ చేశాడు. అన్న హెలికాప్టర్ల మెకానిక్. పెద్ద కరెంటు తీగలను గాలిలోంచి పరీక్ష చేసే హెలికాప్టర్ ఒకటి ఉంటే, దానితో పాటు ఊరూరా తిరుగుతాడు. ఆ వారం అది శక్తినగర్‌లో దిగింది. ఆదివారం దానికి సెలవు, వచ్చి చూసిపొమ్మన్నాడు. అత్తమ్మ కూడా రావాలని పట్టుబట్టాడు.

"అదెక్కితే నా చీర ఎగిరిపోదా?" అంది అత్తమ్మ ఫోన్‌లోకి.

"ఇంజనే పెట్టం అత్తమ్మా. ఊరికె కూసుందువు రా."

జొన్నరొట్టెలు, గురెళ్ళ పొడి మూట కట్టుకుని ఇద్దరం పాపను ఎత్తుకుని బస్సెక్కాం. అక్కడి కరెంటు కేంద్రం క్వార్టర్ల అవతల మైదానంలో ఉంది హెలికాప్టర్. నేను అనుకున్నదానికన్నా చిన్నది. రెక్కలు తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. పైలట్ సారు చెట్టు కింద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. ఏ స్విచ్చూ ముట్టుకోవద్దని మాకు చెప్పి మళ్ళీ పేపరులోకి వెళ్ళిపోయాడు.

అన్న నన్ను ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తాను కుడి సీట్లోకి ఎక్కాడు. పాప నా ఒళ్ళో ఉంది. అత్తమ్మ ఎక్కనంటే ఎక్కనని తెరిచిన తలుపు దగ్గరే నిలబడింది. అన్న బ్యాటరీ స్విచ్ వేశాడు. ఎదురుగా పలక మీద ఎర్రవీ పసుపువీ దీపాలు వెలిగాయి.

"అన్నా, ఏమో చెడిపోయినట్టున్నది," అన్నాను.

"ఏం చెడిపోలే. ఇంజన్ నడుస్తలేదు గద, నూనెకు ప్రెషర్ లేదని చెప్తున్నది. అది నిజమే చెప్తున్నది. ఇంజన్ పెట్టినంక గూడ ఆరకుంటే అప్పుడు ఫికర్ చెయ్యాలె." ఇంకో మీట నొక్కాడు. పలక మొత్తం ఒక్కసారిగా వెలిగింది. "ఇది పరీక్ష. పొద్దున లేస్తే ముందు ఇదే పని. అన్నీ వెలగాలె. ఏదన్న వెలగకపోతే దానికి భయపడాలె. దీపమే చచ్చిపోతే ఆపదొస్తే ఎవరు చెప్తరు?"

ఎర్రది వెలిగితే ఇప్పుడే ఏదో ఒకటి చెయ్యమని అర్థమట. పసుపుది వెలిగితే చూసుకో, తొందరలేదు గానీ మరవకు. పచ్చది ఊరికే, ఫలానా పని జరుగుతోందని చెప్పడానికి.

"అన్నీ ఎర్రవే పెడితే సరిపోతది గద?" అన్నాను. "జాగ్రత్తగ ఉంటరు."

అన్న పెద్దగా నవ్వాడు. "నువ్వు తయారు జేస్తే అట్లనే జేస్తవ్. వసంతా, ఉత్తపుణ్యానికి మోగే గంట నాలుగు సార్లు మోగిందనుకో, పైలట్ చెయ్యి దానంతట అదే పోయి ఆపేస్తది. అయిదోసారి నిజంగ మోగినా అట్లనే ఆపేస్తడు."

"మా ఇంట్ల ఆ గంట ఇదిగో," అని అత్తమ్మ నా భుజం మీద తట్టింది.

నేను తల దించుకున్నాను. అన్న నా ముఖం చూశాడు. తర్వాత పలక పైన, సరిగ్గా కళ్ళకు ఎదురుగా ఉన్న పెద్ద దీపాన్ని చూపించాడు. "ఇది అన్నిటికీ పెద్ద దీపం అత్తమ్మా. ఏది తప్పినా ముందు ఇది వెలుగుతది. దీన్ని ఒత్తితే ఇది ఆరుతది, మోత ఆగుతది. ఇంకోటి వస్తే మళ్ళ వెలగాలె గద, అందుకు. కాని కింద పలక మీద ఆ చిన్న దీపం ఉన్నది సూడు, అది మాత్రం ఎంత ఒత్తినా ఆరది. అసలు సంగతి బాగయ్యేదాంక అట్లనే ఉంటది."

"మొండిది," అంది అత్తమ్మ.

"మొండిగ ఉండాలె. పైలట్ కండ్లు బయట తీగల మీద ఉంటయి, దీపం సూడకపోవచ్చు. అందుకు మోత పెట్టిన్రు. చెవిల రేడియో మాటలుంటయి, మోత గూడ తప్పిపోవచ్చు. కొన్ని హెలికాప్టర్లల పైలట్ పట్టుకునే ఈ కట్టె చేతిలనే గడగడ వణుకుతది. కన్నుకు అందకుంటే చెవికి, చెవికి అందకుంటే చేతికి. ఎట్లనన్న జేసి మనిషికి చెప్పాలె, గంతే." సీటు పక్కన ఉన్న మీటను పట్టుకున్నాడు. "అన్నిట్ల పెద్ద మోత సూపిస్త. పైన రెక్కల తిరుగుడు తగ్గితే మోగే హారన్. అది మోగితే ఈ మీట గబుక్కున కిందికి దించాలె, ఆలోచన గీలోచన ఏం లేదు. ఇప్పుడు రెక్కలు ఎట్లా తిరుగుతలేవు, మీట జర లేపితే చాలు."

లేపాడు.

అలాంటి చప్పుడు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఇనుము మీద ఇనుము గీరినట్టు, ఆగకుండా. నా మోకాలు ఎగిరి పలక కిందనున్న రేకుకు తగిలింది. అత్తమ్మ రెండు చెవులూ మూసుకుని వెనక్కి జరిగింది, చేతిలో రొట్టెల మూట కిందపడింది. అంత దూరంలో పైలట్ సారు పేపరు దించి చూశాడు.

స్ఫూర్తి నా గాజు చీకుతోంది. చీకుతూనే ఉంది. రెప్ప కూడా కొట్టలేదు. తర్వాత తల ఎత్తి, పలక మీద పసుపు దీపం చూసి, దాన్ని పట్టుకుందామని చెయ్యి చాచి నవ్వింది.

అన్న మీట దించేశాడు. ముఖంలో నవ్వు లేదు. "పాప ఎప్పుడూ గిట్లనేనా?"

అత్తమ్మే జవాబు చెప్పింది. "అంగడి పిల్ల గద యోగానందా. మోతలు అలవాటు దానికి."

"అలవాటు కావాలంటే ముందుగాల ఇనాలె గద అత్తమ్మా. బిందెల మోత అలవాటయిందనుకుందం. ఈ హారన్ ఏడ ఇన్నది?"

అత్తమ్మ పాపనే చూస్తూ, "మరి నేను వస్తుంటే తిరుగుతది," అంది. మాట మెల్లగా వచ్చింది.

"మీ మిద్దె దేంతో కట్టిన్రు?"

"చెక్క..." అని ఆగిపోయింది. అత్తమ్మది భారీ శరీరం. ఆమె నడిస్తే మా గదిలో అలమారలోని గ్లాసులు కదులుతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ నవ్వులాట. పాపకు తెలిసేది ఆ అదురే. నేను నడిస్తే చెక్క అదరదు, పాప తిరగదు. ఇన్నాళ్ళూ మా ఎవరికీ తట్టలేదు.

ఆమె నా ఒళ్ళో నుంచి పాపను తీసుకుంది. తలుపుకు వీపు పెట్టి నేల మీద గట్టిగా నిలబడి, పాప ముఖాన్ని మైదానం వైపు తిప్పి భుజానికి ఆనించుకుంది.

"మళ్ళ మోగించు," అంది.

అన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను. హారన్ మళ్ళీ మోగింది. ఈసారి అత్తమ్మ చెవులు మూసుకోలేదు. మనవరాలి ముఖాన్నే చూస్తూ నిలబడింది. పాప ఆమె మెడలోని గుండ్లను లెక్కపెట్టుకుంటున్నట్టు ఒక్కొక్కటీ వేలితో తడుముతోంది.

"చాలు, ఆపు," అంది అత్తమ్మ. పాపను కొంగుతో కప్పింది. ఎండ కూడా లేదు.

తిరుగు బస్సులో ఆమె పాపను నాకు ఇవ్వలేదు. ఇంటికి చేరగానే మా ఆయనతో, "రేపు చెవుల డాక్టరు తాన పోతున్నం," అంది.

"అమ్మా, నువ్వు గూడ షురూ జేసినవా?"

"ఆఁ, నేను గూడ. నువ్వు వస్తే రా, లేకుంటే బిందెలు తూకమెయ్యి."

వచ్చాడు. పాపను నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా తీగలు అంటించి కంప్యూటరులో గీతలు చూశారు. డాక్టరమ్మ కన్నడంలో నిదానంగా చెప్పింది. రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువ. చాలా పెద్ద చప్పుడు చెవి దగ్గర చేస్తేనే కొంచెం అందుతుంది. ఇప్పుడే చెవులకు వినికిడి మిషన్లు పెట్టి నేర్పిస్తే మాటలు వచ్చే అవకాశం బాగా ఉంది. ఆలస్యం చేస్తే కష్టం. కొందరు రెండేళ్ళు, మూడేళ్ళు దాటాక తీసుకొస్తారని చెప్పి, "ఎవరు గమనించారు?" అని అడిగింది.

"దీని తల్లి," అంది అత్తమ్మ. "మేం ఇనలే."

ఆ మాటకు మా ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. నాకు విచిత్రంగా ఏడుపు రాలేదు. ఇన్ని నెలలూ పేరు లేని భయం. ఇప్పుడు దానికో పేరుంది, చెయ్యాల్సిన పని ఉంది. ఏడుపు తర్వాత వచ్చింది, మిషన్ల కోసం పాప చెవులకు అచ్చు తీసే రోజు. అప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

మిషన్లు వచ్చేదాకా మా అన్న హెలికాప్టర్‌లో చెప్పినట్టే చేశాను, చెవికి అందకుంటే కన్నుకు, చేతికి. ఎత్తుకునే ముందు భుజం తాకేదాన్ని. దూరం నుంచి పిలవాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేదాన్ని. మంచం మీద ఉంటే పరుపును అరచేత్తో తట్టేదాన్ని. పాప తిరిగి నా ముఖం చూసి నవ్వేది. మా ఇద్దరికీ అదే మాట.

మిషన్లు పెట్టిన మొదటి రోజు నేను ఏవేవో ఊహించుకున్నాను. నా గొంతు విని నవ్వుతుందని, అమ్మా అంటుందని. అదేమీ కాలేదు. సరిగ్గా అప్పుడే మామ తుమ్మాడు. ఆయన తుమ్ము వీధి చివరికి వినిపిస్తుంది. పాప బిత్తరపోయి పెదవి విరిచి గొల్లుమంది. పాప చప్పుడుకు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

"లోకంల ఇంత మంది ఉంటే దానికి ఫస్ట్ నీ తుమ్మే ఇనపడాలెనా?" అని అత్తమ్మ మామ మీద పడింది. మామ మాత్రం అంగడికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆ తుమ్ము కథ చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఒకటే తంటా. పాపకు ఆ మిషన్లు నచ్చవు, లాగేస్తుంది. చెవిలో కొంచెం వదులైతే మిషనే సన్నగా కూత పెడుతుంది. దూరానికి వినబడదు, పక్కనుంటేనే తెలుస్తుంది. మొదట్లో నాకొక్కదానికే తెలిసేది. చేస్తున్న పని వదిలేసి పరుగెత్తేదాన్ని.

నిన్న మధ్యాహ్నం అందరూ తిన్నాక నేను పళ్ళెం ముందు కూర్చున్నాను. రొట్టె తుంచి మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, పక్క గదిలోంచి ఆ సన్నటి కూత. చెయ్యి విదిలించుకుని లేవబోయాను. అప్పటికే మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ఎవరికో బిందె తూకం వేస్తున్న మామ, దాన్ని అలాగే వదిలేసి పైకి వస్తున్నాడు. ఇవతల గదిలో కునుకు తీస్తున్న అత్తమ్మ ఆయనకన్నా ముందే లేచింది.

"నేను ముందుగాల ఇన్న," అంది అత్తమ్మ.

"నేను కిందికెంచి ఇన్న," అన్నాడు మామ.

"అబద్ధం. కిందికి ఇనపడది." నా వైపు తిరిగి, "నువ్వు కూసో వసంతా. బువ్వ చల్లారుతది. నేను సూస్త," అంది.

నేను కూర్చున్నాను. పక్క గదిలో ఇద్దరూ పాప చెవిలో మిషన్ ఎట్లా పెట్టాలో వాదించుకుంటున్నారు. కూత ఆగింది. ఇంకో రొట్టె వేసుకున్నాను.