రిజిస్టరమ్మ తప్పులు

ఇరవై ఆరేళ్లుగా ఆ తాళాల ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి ఉత్తరమూ రిజిస్టరమ్మ చేతి మీదుగానే లోపలికి వెళ్లేది. ఆవిడ రిజిస్టరు పుస్తకంలో ఎక్కకపోతే అది రానట్టే. ఈ మాట ఆవిడే పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేది. గొప్పలకు పోతే ఏమవుతుంది? ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ఏడాది కిందట ఓ పెద్ద కంపెనీ ఈ ఫ్యాక్టరీని తనలో కలిపేసుకుంది. పదేళ్లదాకా మూయబోమని విలీనానికి ముందు ఉత్తరం రాసిచ్చి, ఇప్పుడు మూసేస్తానంటోంది. మూడొందలమంది కార్మికులు కోర్టుకెక్కారు. వాళ్లలో ఒకడైన రిజిస్టరమ్మ మరిదికి, వెతగ్గా వెతగ్గా, ఆ ఉత్తరం లిఫ్టు మరమ్మతుల ఫైల్లో దొరికింది. రిజిస్టర్లో మాత్రం దాని ఊసే లేదు. ఇంకేం, అది తర్వాత పుట్టించిన దొంగ కాగితమని కంపెనీ వకీలు తేల్చేశాడు.

"వదినా, నీ పుస్తకంలో తప్పు పడిందేమో" అన్నాడు మరిది నసుగుతూ.

"నా పుస్తకంలోనా? ఏదీ, మళ్లీ అను!"

"ఉత్తరం దొరికింది నా చేతికి. తప్పు నీ పుస్తకానిది కాకపోతే దొంగని నేనే కదా?"



మర్నాడు పొద్దున్నే రిజిస్టరమ్మ రికార్డు గదిలో చతికిలబడింది. ఆ ఉత్తరం తేదీ ఉన్న నెలలో, విలీనం హడావిడిలో, ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చిపడ్డాయి. ఒక్కొక్కటే తీసి రిజిస్టరుతో సరిచూసింది. మొదటి తప్పు కనబడగానే ఏడుపొచ్చింది. మూడోదానికి తన మీద తనకే ఒళ్లు మండింది. ఏడోది దొరికేసరికి, "ఏమయ్యోయ్, ఇంకోటి!" అని మరిదిని కేకేసింది. సాయంత్రానికి పదకొండు తేలాయి. అన్నీ ఆ పెద్ద కంపెనీ రాసినవే, ఫ్యాక్టరీ ఇచ్చిన జవాబులు అందినట్టు వాళ్లు మళ్లీ రాసిన కాగితాలతో సహా ఫైళ్లలో ఉన్నవే.

"అయితే మీరూ తప్పులు చేస్తారన్నమాట!" అన్నాడు కంపెనీ వకీలు, కోర్టులో ఆవిడ తప్పు ఒప్పుకోగానే, వెటకారంగా.

"ఆ ఒక్క నెలలోనే పదకొండు చేశాను బాబూ. ఇవిగో, మీవాళ్ల ఉత్తరాలే. రిజిస్టర్లో లేవు కాబట్టి ఇవీ రాలేదంటారా?"

జడ్జిగారు పదకొండూ తిరగేసి, ఉత్తరాన్ని సాక్ష్యంగా తీసుకున్నారు. తీర్పు వచ్చేదాకా ఫ్యాక్టరీ మూయడానికి వీల్లేదన్నారు. కేసు ఇంకా నడవాలి, కానీ రేపు పొద్దున మూడొందలమందికీ పని ఉంది.

వరండాలోకి వచ్చాక మరిది కళ్లు తుడుచుకుని, ఆటపట్టించకుండా ఉండలేకపోయాడు.

"ఇరవై ఆరేళ్లకు పదకొండేనా వదినా?"

"పన్నెండు" అంది రిజిస్టరమ్మ తల ఎత్తి. "మన ఉత్తరాన్ని మర్చిపోతావేం?"