పక్కిల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు

సొంత ఇంట్లో శరత్‌చంద్రకీ రమాసుందరికీ మొదటి వేసవి హాయిగా గడిచింది. అంతకు ముందు విజయవాడ వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల కొట్టు పైన అద్దె వాటాలో ఉండేవారు. అక్కడ కిటికీ తెరిస్తే లారీల నుంచి సరుకు దించే చప్పుడు వినిపించేది. ఇక్కడ, కంకిపాడు దాటాక పాత వరిపొలాల్లో వేసిన ఈ కాలనీలో, కిటికీ తెరిస్తే గాలి వచ్చేది. శరత్‌చంద్ర విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. రోజూ బస్సులో అంత దూరం నిలబడి వెళ్ళి రావడం కష్టమే అయినా, సాయంత్రం గేటు మీద తన పేరు చూసుకోగానే ఆ అలసట మరిచిపోయేవాడు.

తర్వాత వానలు పడ్డాయి. మాగాణి నేల, నీరు దిగలేదు. బిల్డరు రోడ్లు ఎత్తు చేశాడు గానీ, నీరు బయటికి పోయే దారి వెయ్యలేదు. ఇంటి చుట్టూ నిలిచిన నీరు సెప్టిక్ ట్యాంకులోకి చేరింది. ఫ్లష్ నొక్కితే కిందికి పోవాల్సింది పైకి వచ్చింది. ట్యాంకరును పిలిచి తోడిస్తే, మర్నాటికి మళ్ళీ నిండింది.

ఆ వానాకాలమంతా తెల్లవారుతూనే భార్యను స్కూటరు మీద మెయిన్ రోడ్డులోని పెట్రోల్ బంకుకు తీసుకువెళ్ళేవాడు. ఊరికే బాత్‌రూమ్ కోసం వచ్చామనుకోకుండా ప్రతిసారీ కాస్త పెట్రోలు పోయించుకునేవాడు. ఒక రోజు పాత విద్యార్థి తండ్రి ఎదురై, "ఏంటి మేష్టారూ, ఇంత పొద్దున్నే?" అని పలకరించాడు.

"గుడికండీ" అన్నాడు శరత్‌చంద్ర. వెనక రమాసుందరి నైటీ మీద చున్నీ కప్పుకుని నిలబడి ఉంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. శ్రావణమాసంలో చెల్లెలు పిల్లలతో వస్తానంటే, పెయింటు పని జరుగుతోందని రమాసుందరి అబద్ధమాడింది. నలుగురూ వచ్చి పోవాలని కొనుక్కున్న ఇల్లు అది.

కాలనీ వాళ్ళంతా ఒక ఆదివారం సమావేశమయ్యారు. మిగిలిన ఇళ్ళు అమ్ముడుపోతే డ్రైనేజీ వేయిస్తానని బిల్డరు చెప్పాడట. సంఘానికి పెద్ద అయిన వెంకటకృష్ణారావు గారు అందరికీ నచ్చజెప్పారు.

"బయట ఎక్కడా అనొద్దండీ. మన ఇళ్ళ విలువ మనమే తగ్గించుకున్నట్టవుద్ది."

అందరూ తలూపారు. శరత్‌చంద్ర కూడా ఊపాడు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. నేల ఎండి, రోడ్లు శుభ్రంగా కనిపించాయి. పక్కన ఖాళీగా ఉన్న ఇల్లు చూడ్డానికి ఫిన్నీ వచ్చాడు. ఒకప్పుడు శరత్‌చంద్ర దగ్గరే చదువుకుని, ఇప్పుడు అదే కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాడు. ఇల్లంతా తిరిగి చూసి, వీళ్ళింట్లో కూర్చున్నాడు.

"ఒక్కటే అనుమానం సార్. వానాకాలం ఇబ్బందేమైనా ఉంటదా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికీ కదల్లేదు."

కాఫీ తెస్తున్న రమాసుందరి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మేం ఉంటున్నాం కదయ్యా" అన్నాడు శరత్‌చంద్ర.

ఫిన్నీ ముఖం విప్పారింది. "మీరున్న చోట నాకింక అనుమానమేంటి సార్."

అతను వెళ్ళాక రమాసుందరి కప్పులు తీస్తూ, "ఒక్క మాట చెప్పాల్సిందండీ" అంది.

"నేనేమన్నా అబద్ధం చెప్పానా?"

"లేదు" అంది ఆమె. కప్పులు సింకులో పెట్టి, "అబద్ధమైతే కనిపెట్టేవాడేమో" అంది.

ఆ ఇల్లు కూడా నిండితే డ్రైనేజీ తొందరగా వస్తుందనీ, అది ఫిన్నీకి కూడా మంచిదేననీ శరత్‌చంద్ర తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ఫిన్నీ గృహప్రవేశం ప్రార్థనకు పిలిస్తే, కాలేజీలో పని ఉందని వెళ్ళలేదు.

వానలు మొదలయ్యాయి. రెండిళ్ళ ముందూ నీరు ఒకేలా నిలిచింది. పక్కింట్లో ఫిన్నీ తల్లి శౌరమ్మ స్కూటరు ఎక్కలేకపోయేది. ఆటో పిలిస్తే, నీళ్ళలోకి రానని ఆటోవాడు కాలనీ మొదట్లోనే ఆగిపోయేవాడు. రమాసుందరి ఒక ఉదయం ఇడ్లీలు పట్టుకెళ్ళింది. శౌరమ్మ పళ్ళెం అందుకుని పక్కన పెట్టేసింది.

"తినండి పిన్నిగారూ, వేడిగా ఉన్నాయి."

"వద్దమ్మా. మంచినీళ్ళు కూడా తగ్గించేశాను. తాగితే మళ్ళీ..." అని శౌరమ్మ మాట మింగి, చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో ఉన్న సిగ్గు రమాసుందరికి తెలుసు. పోయిన ఏడాది తను కూడా అలాగే కడుపు కట్టుకుంది.

ఆ వారంలోనే శౌరమ్మకు చలిజ్వరం వచ్చింది. మనిషి తెలివిలో లేకుండా పోతే ఫిన్నీ ఆమెను ఎత్తుకుని, మోకాలి లోతు నీళ్ళలో రోడ్డు దాకా నడిచాడు. ఒంట్లో నీరు లేక, మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరి కిడ్నీల దాకా పోయిందన్నారు డాక్టర్లు.

శరత్‌చంద్ర ఆస్పత్రికి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్న ఫిన్నీ లేచి చోటిచ్చాడు.

"సార్, ఈ నీళ్ళ గొడవ ఈ ఏడే వచ్చిందా? ఈసారి వానలు ఎక్కువని అంటున్నారు."

అవునంటే చాలు. ఫిన్నీ కూడా ఆ జవాబే వినాలని కోరుకుంటున్నాడని అతని గొంతులో తెలుస్తోంది.

"పోయినేడు కూడా వచ్చింది" అన్నాడు.

ఫిన్నీ తలూపాడు. "డాక్టరు గారు వచ్చే టైమైంది సార్" అని లేచి లోపలికి వెళ్ళాడు.

శౌరమ్మ బతికి బయటపడింది గానీ బాగా చిక్కిపోయింది. కాలేజీలో ఫిన్నీ ఎప్పటిలాగే నమస్కారం పెట్టేవాడు. స్టాఫ్ రూములో మాత్రం పక్కన కూర్చోవడం మానేశాడు. చలికాలం వచ్చి నేల ఆరాక ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

చల్లపల్లి వైపు నుంచి ఒక జంట ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఫిన్నీ దగ్గరుండి చూపించిన ఇల్లు వాళ్ళకు నచ్చింది. వెళ్ళబోతూ, గేటు దగ్గర నిలబడ్డ శరత్‌చంద్రను చూసి ఆ భర్త ఆగాడు.

"మీరిక్కడే ఉంటారాండీ? వానాకాలం నీళ్ళ గొడవేమన్నా ఉందా?"

శరత్‌చంద్ర ఫిన్నీ వైపు చూశాడు. ఫిన్నీ చెప్పు అంచుతో మట్టిని రాస్తున్నాడు, తలెత్తలేదు. అతనికి ఏం కావాలో శరత్‌చంద్రకు తెలుసు. ఒక్క మాట దాటేస్తే ఫిన్నీ ఈ ఇంటి నుంచి బయటపడతాడు. తను అతనికి చేసిన దానికి అంతకంటే పరిహారం లేదు. ఎదుటి మనిషి భుజం మీద చిన్నపిల్ల నిద్రపోతోంది.

"ఉందండీ" అన్నాడు శరత్‌చంద్ర. "బాత్‌రూములు పనిచెయ్యవు. ప్రతి ఏడూ ఇంతే."

ఆ జంట ముఖాలు చూసుకుని, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయింది.

"నాకు చెప్పాల్సింది వాళ్ళకి చెప్పారు సార్" అన్నాడు ఫిన్నీ. గొంతులో కోపం లేదు. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి కాలనీ అంతటికీ తెలిసింది. వెంకటకృష్ణారావు గారు శరత్‌చంద్రతో మాట్లాడ్డం మానేశారు. శరత్‌చంద్ర పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి డ్రైనేజీ కోసం అర్జీ ఇచ్చి వచ్చాడు. ఇంకెవరూ అందులో సంతకం పెట్టలేదు. పక్కిల్లు అమ్ముడుపోలేదు. ఫిన్నీ దానికి తాళం వేసి, విజయవాడ పటమటలో కింది వాటా అద్దెకు తీసుకున్నాడు.

సామాను ఎక్కించే రోజు శరత్‌చంద్ర వెళ్ళి బీరువాకు ఒక పక్క పట్టాడు. ఫిన్నీ వద్దనలేదు. శౌరమ్మను రమాసుందరి నడిపించి ఆటోలో కూర్చోబెట్టింది. ఆమె రమాసుందరి చెయ్యి వదల్లేదు.

"మీరు కూడా వచ్చెయ్యండమ్మా, వానలు రాకముందే. మమ్మల్ని మోసం చేసినట్టే ఆ బిల్డరు మిమ్మల్నీ చేశాడు. మీరేం చేస్తారు పాపం" అంది శౌరమ్మ.

ఫిన్నీ తల్లికి ఏమీ చెప్పలేదని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. రమాసుందరి భర్త వైపు చూసింది. అతను లారీ వెనక నిలబడి, అప్పటికే గట్టిగా ఉన్న తాడును మళ్ళీ బిగిస్తున్నాడు.