దవాయి వేయని కొత్తిమీర

మూడు నీళ్లు పోసింది కదా తను, ఉప్పు వేసి ఆకు ఆకూ విడదీసి కడిగింది కదా కోడలు కొన్న ఆ క్యాబేజీని, అయినా పిల్లకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయంటే మార్కెట్ కూరకు ఎంత దవాయి, ఎంత పురుగుమందు కొట్టి ఉండాలి, అనే కదా పాపమ్మ ఆసుపత్రికొచ్చే టాక్సీలో కోడలి మీద విరుచుకుపడింది, నేను పెరట్లో పండిస్తుంటే నువ్వు విషం కొని తెస్తావు అని, డ్రైవరు వింటున్నాడన్న సిగ్గయినా లేకుండా, బసంతి ఏడేళ్ల శోభన తల ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, నాలుగు రోజుల కిందటి మాట అది, ఇప్పుడు మనవరాలు ఆసుపత్రి మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది, ఆజీ, భూఖ్ లాగే అంటోంది, ఆకలంట తల్లికి, ఊపనీ, మంచం విరగ్గొట్టనీ, పిల్ల గండం గడిచింది, ఎన్నిసార్లు అనుకున్నా పాపమ్మకు తనివి తీరడం లేదు.

దవాయి, చిత్రమైన మాట, పిల్లకు చెంచాతో పోసేదీ అదే, చెరుకు చేలో కలుపు చావడానికి కొట్టేదీ అదే, తెలుగులోనూ రెండూ మందే కదా, ఈ దీవిలోనే అవతలి కొసన పెనాంగ్‌లో చెరుకు మిల్లు నడిచే రోజుల్లో మొగుడు అప్పలస్వామి చొక్కా విప్పి వీపుకు పంపు తగిలించుకుని ఆ దవాయి కొట్టేవాడు, ముక్కుకు గుడ్డయినా ఉండేది కాదు, చేతుల తోలు ఊడిపోయి అన్నం కలుపుకోలేక చెంచా అడిగేవాడు, ఊపిరాడక అతను పోయాక, కొడుకు వెంట ఈ లౌటోకా పట్నం వచ్చాక, తన మడిలో చుక్క దవాయి పడనివ్వనని ఒట్టేసుకుంది, అందుకే మొదటి రోజు డాక్టరమ్మ రాసుకుంటూ ఇంట్లో ఏమైనా దవాయి వాడారా అని అడిగితే రోషంగా తలెత్తి, చుక్క కూడా లేదు బేటీ, ఖాలీ కోడిపెంట, ఒట్టి పెంటే, అనేసింది, డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది, పిల్లకు కోడిపెంట పెట్టారా అన్నట్టు చూసిన ఆ చూపు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు, పిల్లకు కాదు బేటీ కొత్తిమీరకు, పచ్చి పెంటా అందామె, పచ్చిదే, పొద్దున గూట్లోంచి ఎత్తి అలాగే మడిలో వేస్తాను, ఆకు ఉడికించారా, లేదు చట్నీ నూరాను, కడిగారా.

కడగలేదు, కడగాలని తట్టనేలేదు, దవాయి లేనిదాన్ని కడగడం ఎందుకు, పుటుక్కున తెంపి నూరి, పిల్లకు ఇష్టమని రెండు పూటలా పెట్టింది, ఆ మాటతోనే డాక్టరమ్మ ఏ పరీక్ష చేయించాలో రాసింది, పెంటలో పుట్టే క్రిమేనట, ఈ ఉదయం వచ్చి మెల్లగా చెప్పింది, దవాయి కొట్టకపోవడం మంచిదే ఆజీ, కాని పెంట నెలల తరబడి మాగాలి, కొన్నదైనా పండించినదైనా కడగాలి అని, అవును, ఆ దవాయి కొట్టినవాడిని కాల్చింది నిజమే, మరి పిల్లను పడగొట్టింది ఎవరు, అయినా పాపమ్మ గుండె తేలికయింది, పిల్ల నవ్వుతోంది, ఇక దాచడానికేముంది, గంజి గిన్నె పట్టుకుని లోపలికొచ్చిన బసంతిని చూడగానే అనేసింది, నీ క్యాబేజీ కాదు బసంతీ, నా చట్నీ.

నాకు నిన్ననే మాలూమ్ అత్తా, డాక్టర్ చెప్పింది, నీకు నిద్ర పట్టదని నేనే చెప్పలేదు, అంది బసంతి, గిన్నె పక్కన పెట్టి గది మూలనున్న కొళాయి తిప్పి సబ్బుతో చేతులు కడుక్కుంటోంది, పాపమ్మ లేచి వెళ్లి, తనూ చేతులు కడుక్కోవడానికి కోడలి వెనక నిలబడింది, ఇన్నేళ్లూ విషం కోసం ఇంకొకరి సంచీ వెతికింది, తన చెయ్యి తాను ఒక్కసారీ చూసుకోలేదు.