వదులు పట్టీ

పెళ్లయిన కొత్తలో అతను కుడిచేత్తో కొట్టేవాడు. ఇనుప తొడుగు వచ్చాక ఎడమచేత్తో కొట్టడం నేర్చుకున్నాడు. మనసుపడితే మగాడికి రాని విద్య ఏముంటుంది!

ఆ తొడుగు అల్లింది భార్యే. పెళ్లికి ముందు ఆడవాళ్ల గొలుసు సంచులు తయారుచేసే దుకాణంలో పనిచేసింది. సన్నటి ఉక్కు రింగుని కటింగ్ ప్లేయరుతో విప్పడం, పక్క రింగుల్లోంచి దూర్చడం, మళ్లీ నొక్కెయ్యడం ఆమెకు మంచినీళ్లు తాగినంత సులువు. వీధిలో అందరూ గొలుసులక్క అంటారు. మొగుడు మాంసం షెడ్డులో నరికే పనివాడు. కోపమొస్తే ముందూ వెనకా చూడడని అక్కడ అతన్ని గొడ్డలి అంటారు. ఆ పేరంటే అతనికి గర్వం కూడాను.

అదే బల్ల మీద పనిచేసే మరిదికి ఒకరోజు ఎముక మీంచి కండ ఒలుస్తుంటే కత్తి జారింది. ఎడమచేతి బొటనవేలు తెగి బల్ల కింద తుక్కులో పడింది. ఏది వేలో ఏది మాంసమో తెలియక పనివాళ్లు చాలాసేపు వెతికారట. అత్తగారు గుండెలు బాదుకుంది. గొలుసులక్క ఏడవలేదు, పాత రింగుల డబ్బా ముందేసుకు కూర్చుంది. మాంసం పట్టుకునే ఎడమచేతికి సరిపోయేలా అయిదు వేళ్ల తొడుగు అల్లింది. మణికట్టు దగ్గర పలచటి పట్టీ, దానికో టిచ్ బటన్.

మరిదికి జరిగింది చూసి చేసిన ఆ తొడుగుని మొగుడు లాక్కుని తనే వేసుకుపోయాడు. మొదటి రోజే కత్తి జారి రింగుల మీద కీచుమంది. చెయ్యి చెక్కుచెదరలేదు. షెడ్డు యజమాని కళ్లు పెద్దవి చేశాడు.

"ఎవడు చేశాడ్రా ఇది?"

"నేనేనండీ. నా బుర్రలో పుట్టిందే. మా ఆవిడ కూర్చుని రింగులు కలిపింది, అంతే."

దాంతో షెడ్డంతా దానికి 'గొడ్డలి తొడుగు' అని పేరు పెట్టేశారు. ఆ బుర్రలో అంతవరకు ఏం పుట్టిందో అడిగిన నాథుడు లేడు.

సంగతి మరిది చెబితే తెలిసింది. మొగుడు గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"నేను చేశానని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయిందండీ?"

తొడుగు ఇంకా చేతికే ఉంది. ఆ చెయ్యి చెంప మీద పడింది. ఆమె గోడకి కొట్టుకుని కింద పడింది. చెంప మీద వరసలు వరసలుగా చిన్న చిన్న సున్నాలు తేలి, వాటిలోంచి నెత్తురు పొటమరించింది. ఆ ఊపుకి టిచ్ బటన్ ఊడి, తొడుగు ఎగిరి పొయ్యి పక్కన పడింది.

"ఏంటే ఈ పట్టీ! గట్టిగా ఒక్కటి వేస్తే ఊడి చస్తోంది. తీసేసి ఉక్కు గొలుసు పెట్టు, కొక్కెం పెట్టు. చచ్చినా ఊడకూడదు."

"ఊడాలనే పెట్టానండీ. ఎప్పుడైనా మిషన్లో పట్టేసిందనుకోండి, తొడుగు పోయినా చెయ్యి..."

రెండోది కణత మీద పడింది. మాట మధ్యలోనే తెగిపోయింది.

"వాడు చెప్పినట్టు చేసి పారేస్తే పోదూ! ఎందుకొచ్చిన గొడవే తల్లీ," అంది అత్తగారు, బియ్యం ఏరుతూనే.

చేసి పారేసింది. ఒళ్లో నెత్తుటి చుక్కలు పడుతుంటే ఉక్కు గొలుసు బిగించింది. కొడుకు చేతికి మంచి నగ చేయించినంత మురిసిపోయింది అత్తగారు.

కొన్నాళ్లకి అందరి చేతులకీ కొలతలు తీసుకోమని యజమాని కబురుపెట్టాడు. కొలతలు తీసుకొచ్చి మిగతావాళ్లవి టిచ్ బటన్‌తోనే చేసింది. ప్లేయరు రొంటిని దోపుకుని షెడ్డుకి వెళ్లి, బల్లకొకటి పెట్టింది. చెంప మీద సున్నాలు ఇంకా మానలేదు. వాటికేసి చూసి, తమ బల్లల మీదున్న తొడుగులకేసి చూసి, పనివాళ్లు తలలు తిప్పుకున్నారు.

గొడ్డలి కైమా మిషన్ దగ్గర ఉన్నాడు. పెళ్లాం ముందు డాబు చూపించాలి కదా, నెట్టే కర్ర పక్కన పెట్టి తొడుగు చేత్తోనే మాంసం ముక్కలు లోపలికి నొక్కుతున్నాడు.

"ఆ తొడుగుతో చెయ్యి అక్కడ పెట్టకండి! పట్టేస్తుంది!" అని అరిచింది.

"నా తొడుగు గురించి నాకే చెప్తావా?"

అతని నవ్వు పూర్తి కాలేదు. లోపల తిరిగే మర అంచుకి ఒక రింగు తగులుకుంది. మిగతావన్నీ దాని వెంటే వెళ్లాయి. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. ఎముకలు నలిగిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. అంత పెద్ద శరీరంలోంచి అంత సన్నటి కేక వస్తుందని ఎవరూ అనుకోలేదు. మరిది ఒక్క గెంతు గెంతి స్విచ్చి ఆపాడు. మిషన్ ఆగింది కానీ చెయ్యి రాలేదు. ఉక్కు గొలుసు మణికట్టులోకి కోసుకుపోయి బిగుసుకుంది. కొయ్యబోతే కత్తులు దాని మీద జారిపోతున్నాయి.

"నువ్వే కదరా చేసింది! ఎలా ఊడుతుందో చెప్పి చావరా!" అని యజమాని అరిచాడు.

అతను చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి! భార్య వైపు చూశాడు.

ఆమెకి జాలి వెయ్యలేదు. సంతోషం వేసింది, అది దాచుకోవాలని కూడా అనిపించలేదు. రొంటిలోంచి ప్లేయరు తీసి అతని ముఖం ముందు పెట్టింది.

"ఎవరు చేశారీ తొడుగు?"

"నువ్వే... నువ్వేనే..."

"వాళ్లకి వినపడాలి."

"మా ఆవిడే! మా ఆవిడే చేసిందిరా!"

ఆ కేక విన్నాక గొలుసు తెంపింది. బయటికొచ్చిన చేతికి వేళ్లు లేవు. మరిది దాన్ని గుడ్డతో చుడుతూ వాంతి చేసుకున్నాడు. ఆమె మాత్రం బల్ల మీంచి ఒక కొత్త తొడుగు తీసి యజమాని చేతికి వేసి, ఒక్క లాగు లాగింది. టక్కున ఊడొచ్చింది.

"పట్టీ వదులుగా ఎందుకుందని ఇక ఎవరూ అడగరు కదా," అంది.



ఆస్పత్రినుంచి ఇంటికొచ్చాక కొన్నాళ్లు అతను మంచం దిగలేదు. ఒకరోజు గంజి చల్లారిపోయిందని పాత కోపం తన్నుకొచ్చింది. కుడిచెయ్యి ఇంకా ఉంది కదా, అది లేచింది. అత్తగారు బియ్యం చేట దించి చూస్తోంది. గొలుసులక్క వెనక్కి జరగలేదు. రొంటిని ఉన్న ప్లేయరు తీసి గంజి గిన్నె పక్కన పెట్టి, అతని కళ్లలోకి చూసింది.

చెయ్యి కిందికి దిగింది. అతను గంజి తాగాడు.