ఒక్క తప్పూ లేని ఇంగ్లీషు

తమిళనాట రాజపాళయం పత్తి యార్డులో జగదీశన్ నోరు తెరిచి ధర చెప్పగా విన్నవాళ్ళు లేరు. ఆయన దళారి. పత్తి అమ్మే రైతుకూ, కొనే మిల్లుకూ మధ్య నిలబడేవాడు. మంసాపురం నుంచో తళవాయిపురం నుంచో బండ్లు వచ్చి ఆగగానే భుజం మీది తుండుగుడ్డను కుడిచేతి మీద కప్పుకుని రైతు ముందుకు చాపేవాడు. రైతు ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టేవాడు. వేళ్ళు పట్టుకుంటే రూపాయలు, కణుపులు నొక్కితే అణాలు. చుట్టూ ఎంతమంది గుడ్లప్పగించి చూస్తున్నా బేరం ఎంతకు వచ్చిందో ఆ రెండు చేతులకే తెలిసేది. తరువాత అదే గుడ్డ కిందికి మిల్లు మనిషి చెయ్యి వచ్చేది. నెమ్మదిగా చేతులు విడిస్తే బేరం కుదిరినట్టు. ఎవరైనా విసురుగా చెయ్యి లాక్కుంటే అంతే సంగతులు. అలా లాక్కున్న మనిషి ముందు దళారి మళ్ళీ చెయ్యి చాపడు. చాపితే యార్డులో పరువుండదు.

జగదీశన్ పత్తిలో ముప్పాతిక వంతు ఒకే మిల్లు కొనేది. ఆ మిల్లు యజమాని కూడా జగదీశన్ లాగే తెలుగువాడు. ఆయన చేతికీ జగదీశన్ చేతికీ చిన్ననాటి స్నేహం. 1955లో ఆయన పోయాడు. కొడుకులు బొంబాయి నుంచి ఒక మేనేజర్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. కొత్తాయనకు తెలుగు రాదు, తమిళం రాదు. ఇంగ్లీషులో మాట్లాడగలిగిన దళారీలే తన దగ్గరికి రావాలని కబురు పెట్టాడు. జగదీశన్‌కు వచ్చిన ఇంగ్లీషల్లా 'గుడ్ మార్నింగ్' ఒక్కటే. దాన్ని ఆయన సాయంత్రం కూడా వాడేవాడు. ఆ మిల్లు చెయ్యిజారితే ఇల్లు గడిచే దారి లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనేవారు కాదు.

ఆయనకు ఉన్న ఆశ అంతా కొడుకు సీతారామన్ మీదే. ఎస్సెల్సీలో ఇంగ్లీషు ఒక్కటే తప్పి, మిగిలినవన్నీ గట్టెక్కి, ఇంటి ముందరి పత్తిగింజల అంగట్లో కూర్చున్న ఇరవై ఏళ్ళవాడు. అలాగని వాడికి ఇంగ్లీషు రాదనుకోవద్దు. నోటికొచ్చినట్టు వచ్చు. ఒకసారి రైల్వే స్టేషన్‌లో పత్తిగింజల మూటలు ఆగిపోతే తెల్లతోలు గార్డుతో, "ఎస్టర్డే ఐ యామ్ కమింగ్, యు ఈజ్ నాట్ దేర్, టుడే యు ఆర్ టెల్లింగ్ నో!" అని చేతులు తిప్పుతూ పోట్లాడి మూటలు విడిపించుకుని వచ్చాడు. గార్డుకు ప్రతి ముక్కా అర్థమైంది. తల్లి వాసవమ్మ ఆ కథ విని, నా కొడుకు దొరలతో మాట్లాడతాడని వీధంతా చెప్పుకుంది.

అట్లాంటి నోరు చాలుననుకుని ఉంటే బాగుండేది. జగదీశన్ అనుకోలేదు. మిల్లు మేనేజర్ ముందు తప్పులు పోతే మొదటికే మోసం వస్తుందని విజయరాఘవ వాద్యార్ కాళ్ళు పట్టుకున్నాడు. వాద్యార్ హైస్కూల్లో జీవితమంతా ఇంగ్లీషు చెప్పి రిటైరైన పంతులు. కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషి. ఎవరైనా పెళ్ళి పత్రిక ఇస్తే ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్ది వెనక్కి ఇచ్చేవాడు. పోస్టుమాస్టరు 'టుడే మార్నింగ్' అన్నాడని ఆయనతో మాటలు మానేశాడు. 'దిస్ మార్నింగ్' అనాలట. మనిషి చెడ్డవాడు కాదు. ఇంగ్లీషు మీద ఆయనకు ఉన్నంత ప్రేమ సొంత పిల్లల మీద కూడా లేదు, అదే వచ్చిన తంటా.

రోజూ సాయంత్రం వీధి తిన్నె మీద పాఠం. సీతారామన్ ఒక వాక్యం మొదలుపెట్టేవాడు, వాద్యార్ బెత్తంతో తిన్నె మీద టక్కున కొట్టేవాడు. 'ఐ యామ్ హ్యావింగ్ వన్ సిస్టర్' అంటే టక్కు. 'హి టోల్డ్ టు మి' అంటే టక్కు. 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్', 'కజిన్ బ్రదర్', అన్నీ టక్కులే. ఊరంతా రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషు ఇదే. స్టేషన్‌లో ఇదే, బ్యాంకులో ఇదే, కోర్టు గుమాస్తాల దగ్గర ఇదే. అందరికీ పని జరుగుతూనే ఉంది. టక్కు మాత్రం సీతారామన్ ఒక్కడికే. టక్కుమన్నప్పుడల్లా వాక్యం మళ్ళీ మొదటి నుంచి.

ఒకనాడు వాడు తండ్రిని గురించి 'మై ఫాదర్ ఆర్ ఇన్ ది షాప్' అన్నాడు. ఒక్క మనిషికి 'ఆర్' ఏమిటి, 'హి ఈజ్' అనమన్నాడు వాద్యార్. సీతారామన్ నోరు పెగల్లేదు. 'హి' అంటే వాడు. తండ్రిని వాడు అంటే చిన్నప్పుడు ఆ ఇంట్లో పళ్ళు రాలేవి. అంగట్లో నుంచి జగదీశనే పలికాడు.

"అను రా, నాకేమీ కోపం లేదు. వాళ్ళ బాసలో అందురూ వాడేనంట."

సీతారామన్ 'హి ఈజ్' అన్నాడు. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

వాద్యార్ నేర్పినవాటిలో వాడికి బాగా పట్టుబడింది ఒకటే.

"వాక్యం మొత్తం లోపలే కట్టుకోవాల. ముందు నుంచి వెనక దాకా చూసుకోవాల. తప్పు లేదంటేనే నోరు తెరువు. లేదా, ఊరికే ఉండు. ఊరికే ఉన్నోణ్ని చూసి ఎవురూ నవ్వరు."

ఏడాది తిరిగేసరికి సీతారామన్ ఇంగ్లీషులో తప్పులు పోయాయి. తప్పులతో పాటు మాటలూ పోయాయి. అంగడికి వచ్చినవాళ్ళతో వెనకటిలా పరాచికాలు లేవు. చారులో ఉప్పు చాలిందా అని వాసవమ్మ తెలుగులో అడిగితే కూడా కాసేపు గోడ వైపు చూసి చెప్పేవాడు. ఆమెకు భయం వేసింది. పిల్లవాడికి గాలి సోకిందేమో, మంత్రించిన తాయెత్తు కట్టిద్దామా అని మొగుణ్ని అడిగింది. చదువు బరువు అలాగే ఉంటుంది, నీకు తెలియదు ఊరుకో అన్నాడు జగదీశన్. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ ఇంట్లో నోరు మంచిది చేయబోయి దాన్ని మూసేశారు.

మాసి నెలలో కొత్త పత్తి వచ్చింది. మంసాపురం చెల్లయ్య బండ్లు మిల్లు ఆవరణలో దిగాయి. చెల్లయ్య పత్తి మంచు లాగా ఉంటుందని పేరు. జగదీశన్ ఉతికిన పంచె, తుండుగుడ్డ వేసుకుని, కొడుకును ముందు పెట్టుకుని వెళ్ళాడు. మేనేజర్ మెట్లు దిగి వచ్చాడు. చేతి గడియారం చూసుకుంటూ, "ఐ యామ్ నాట్ హ్యావింగ్ మచ్ టైమ్. కమ్, వి విల్ డిస్కస్ అబౌట్ క్వాలిటీ," అన్నాడు.

సీతారామన్ చెవులను నమ్మలేకపోయాడు. రెండు వాక్యాలు, రెండు తప్పులు. టక్కుమన్నవాళ్ళు లేరు. ఆకాశం విరిగి పడలేదు. మేనేజర్ హాయిగా పత్తి దూది చేతిలోకి తీసుకుని లాగి చూస్తున్నాడు. వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా నేర్చుకున్నట్టే ఒక్కో వాక్యం లోపల కట్టి, సరిచూసి, బయటపెట్టాడు. పత్తి ఏ పొలందో చెప్పాడు, తడి లేదని చెప్పాడు, పీచు పొడవు చెప్పాడు. మేనేజర్ ఓపికగా విని, "వెరీ గుడ్ ఇంగ్లీష్," అని వాడి భుజం తట్టాడు.

ఆ మాటలు జగదీశన్‌కు అర్థమయ్యాయి. ఏడాది పాటు గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మాటలు అయిపోయాయి, ఇక మిగిలింది బేరమే. తనకు తెలిసిన తీరున తుండుగుడ్డ చేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. మేనేజర్ షేక్‌హ్యాండ్ అనుకుని చెయ్యి ఇచ్చాడు. గుడ్డ కింద జగదీశన్ వేళ్ళు ఆయన వేళ్ళను ముడిచి, కణుపులు నొక్కాయి.

మేనేజర్ నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. కొనుగోలు చేసేవాళ్ళ చేతుల్లో ఈ వైపు దళారీలు నోట్లు పెడతారని బొంబాయిలోనే ఎవరో ఆయనకు చెప్పి పంపారు. "యు ఆర్ గివింగ్ మి మనీ? బిఫోర్ ఆల్ పీపుల్?" అని అరిచాడు. ఆవరణలో కాటా వేసేవాళ్ళూ, బండివాళ్ళూ నిలబడిపోయారు. వాళ్ళకు ఇంగ్లీషు తెలియదు. లాక్కున్న చెయ్యి మాత్రం అందరికీ కనబడింది. ఆ చెయ్యికి అర్థం వాళ్ళకు బాగా తెలుసు.

జగదీశన్ కొడుకు వైపు చూశాడు. ఒక్క మాట చెప్పు అన్నట్టు చూశాడు.

సీతారామన్ వాక్యం కడుతున్నాడు. మా నైనా మీకు డబ్బు ఇవ్వలేదు, ఇది మా పత్తి యార్డు ఆచారం, వేళ్ళతోనే ధర చెప్తాము. పెద్ద వాక్యం. 'ఈజ్ నాట్ గివింగ్' అనాలా, 'వాజ్ నాట్' అనాలా? కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. 'నో మనీ సార్, ఫింగర్ ప్రైస్' అంటే చాలు. రైల్వే గార్డుతో పోట్లాడిన పాత సీతారామన్ అయితే ఎప్పుడో అరిచి ఉండేవాడు. ఈ సీతారామన్ పెదవులు కదిలాయి, మాట రాలేదు. వాక్యం పూర్తయ్యేసరికి మేనేజర్ మెట్లెక్కి లోపలికి పోయాడు, తలుపు వేసుకున్నాడు. వాచ్‌మన్ వచ్చి, తల వంచుకునే, బండ్లు బయటికి తోలమన్నాడు.

జగదీశన్ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంటికొచ్చాక మళ్ళీ వెళ్ళి నచ్చజెప్పమంది వాసవమ్మ. చెయ్యి లాక్కున్నవాడి దగ్గరికి పోయేది లేదన్నాడు. ఆకలికి కూడా ఆ మాట దాటే మనిషి కాదాయన.

మర్నాడు పొద్దున తండ్రికి చెప్పకుండా సీతారామన్ ఒక్కడే వెళ్ళాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. గేటు దగ్గర ఎండలో నిలబడి, కారు రాగానే అడ్డం వెళ్ళి, ఆ వాక్యం చెప్పేశాడు. ఎంతో చక్కని వాక్యం. వాద్యార్ వింటే కళ్ళు మూసుకుని తల ఊపేవాడు.

మేనేజర్ కోపగించుకోలేదు. అదే అన్నిటికన్నా అన్యాయం. కారు కిటికీలోంచి తల బయటపెట్టి పూర్తిగా విన్నాడు. ఆయన ముఖంలో నిజంగానే బాధ కనబడింది.

"ఓ, ఈజ్ ఇట్? వై యు డిడ్ నాట్ టెల్ ఎస్టర్డే? నౌ ఐ హావ్ ఆల్రెడీ టోల్డ్ టు ది ప్రొప్రైటర్స్ ఎస్టర్డే ఓన్లీ. దే హావ్ ఫిక్స్‌డ్ సమ్ అదర్ పార్టీ."

నిన్ననే ఎందుకు చెప్పలేదు, యజమానులకు చెప్పేశాను, వాళ్ళు వేరే దళారిని పెట్టేశారు అని. కారు లోపలికి పోయింది. సీతారామన్ అక్కడే నిలబడి ఆ మాటల్లో తప్పులు దిద్దుతున్నాడు. వద్దనుకున్నా మనసు దిద్దుకుంటూ పోతోంది. తమ బతుకు పోయిందన్న సంగతి తప్పులన్నీ దిద్దడం అయ్యాక గాని వాడికి అందలేదు. అప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చేసరికి తిన్నె మీద చెల్లయ్య ఉన్నాడు. పత్తి వెనక్కి తోలుకుపోవలసి వచ్చిన రైతు, అడగడానికి హక్కున్నవాడు. పిల్లవాడి ఇంగ్లీషులోనే ఏదో తేడా వచ్చి ఉంటుంది అంటున్నాడు. సీతారామన్ గడప దగ్గరే ఆగిపోయాడు. జగదీశన్ వాణ్ని చూడలేదు.

"వాణ్ని అనొద్దు చెల్లయ్యా. నేను పక్కనే నిలిచినాను. ఒక్క తప్పు పలకలేదు వాడు. దొరే మెచ్చినాడు. తప్పు చేసింది నా చెయ్యి."

అని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చున్నాడు. చెల్లయ్య లేచి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

'నైనా, నీ చెయ్యి తప్పు చేయలేదు. నేనే చెప్పలేదు.' చెప్పవలసింది అంతే. ఇంట్లో పుట్టిన తెలుగు, బెత్తం పట్టుకున్నవాడు కూడా దరిదాపుల్లో లేడు. సీతారామన్ ఆ మాటలు లోపల కట్టుకున్నాడు. ముందు నుంచి వెనక దాకా చూసుకున్నాడు. తప్పేమీ లేదు. ఇంకొక్కసారి చూసుకుంటున్నాడు. అప్పటికే తండ్రి లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.