చల్లటి నీళ్లు

మా అమ్మమ్మ డోర్కస్ డెబ్బయ్యో ఏట మళ్లీ పెళ్లి చేసుకుంటుందని మా ఊరు మోర్లీలో ఎవరూ అనుకోలేదు. ఎల్మర్ ఒక్కడే అనుకున్నాడు. పక్క రాష్ట్రం సస్కాచువాన్ నుంచి గుర్రాలు అమ్మడానికి వచ్చినవాడు, ఆమె చేతి టీ తాగి, మా నది ఒడ్డునే ఉండిపోయాడు.

అతను అసినిబాయిన్ తెగవాడు, మేం స్టోనీ తెగవాళ్లం. వాళ్ల భాషా మా స్టోనీ భాషా అక్కచెల్లెళ్లే. కాకపోతే ఎప్పుడో వేరుపడి, మాటలు మానేసిన అక్కచెల్లెళ్లు. ఒకరి మాట ఒకరికి సగమే అందేది. పోనీ ఇంగ్లీషులో మాట్లాడుకోండి అంటే అమ్మమ్మ మండిపడేది.

"మన మాట మాట్లాడినందుకు చిన్నప్పుడు తెల్లవాళ్ల బడిలో నా చేతులు వాచేలా కొట్టారే. ఆ ఇంగ్లీషు నా గడప తొక్కడానికి వీల్లేదు!"

చల్లటి నీళ్లను మేము నాలుక పళ్ల మధ్య పెట్టి "మినీ థ్ని" అంటాం. మా ఊరినీ అలాగే పిలుచుకుంటాం. ఎల్మర్ "మినీ స్ని" అనేవాడు.

"పాములా ఆ బుసలేంటయ్యా?"

"నీ నాలుకే మందం, డోర్కస్."

అతను పెళ్లి మాట ఎత్తితే చాలు, "ముందు మా ఊరి పేరు పలకడం నేర్చుకో," అనేది.

అలా మూడేళ్లు గడిచాయి. ఒక మే నెల ఉదయం గుర్రప్పిల్ల తల విదిలిస్తే ఎల్మర్ ముందుపళ్లు మూడు రాలిపోయాయి. నెత్తుటి మూతితో మా గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మమ్మ ముఖం పాలిపోయింది.

"ఏం కావాలి? చెప్పు, ఏం కావాలి?"

"మినీ థ్ని," అన్నాడు.

అమ్మమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"పళ్లు రాలితే గానీ నాలుక తిరగలేదా, ముసలోడా!"

"అయితే... పెళ్లి?"

"ముందు నోరు కడుక్కో."

జూన్‌లో చర్చిలో పెళ్లయింది. కొత్త పళ్లు కట్టించుకోమని అమ్మమ్మే వెంటపడింది.

"కట్టించుకుంటే మళ్లీ బుసకొడతానేమో," అన్నాడు.

"కొట్టు. ఈ నెలంతా ఇల్లు బోసిగా ఉంది."

ఆ సాయంత్రం ఆమె రొట్టె తుంచి, దుప్పి మాంసం రసంలో నానబెట్టి అతనికి తినిపిస్తోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అమ్మమ్మ గిన్నెలోకి చూస్తూ, అన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగింది:

"దీన్ని మీ అమ్మ ఏమనేది?"

ఎల్మర్ చెప్పాడు. అమ్మమ్మ పెదవులు కదిపి, తప్పుగా పలికి, మళ్లీ చెప్పమంది.