మెడ ఎత్తిన బాతులు

బుల్లి అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. జుట్టు నెరవడం మొదలైనా ఆ పేరు ఆమెను వదల్లేదు. అక్కా బావా నడిపే దుకాణంలో కిటికీ పక్కన కూర్చుని, చేపల గాలాలకు ఈకలు చుట్టి ఈగల్లా కట్టడం ఆమె పని. బావ చెక్క బాతులు చెక్కేవాడు. అక్క వాటికి రంగులు వేసేది. వేటగాళ్లు వాటిని కొనుక్కెళ్లి చెరువులో తేలేలా వదిలితే, ఆకాశంలో పోతున్న అసలు బాతులు తమవాళ్లే ఉన్నారనుకుని కిందికి దిగేవి.

చెల్లెలి పని తేలికని అక్క ఆటపట్టించేది. చేపకు ముందు నోరు, తర్వాతే బుర్ర. ఈగలా కనిపిస్తే చాలు, గబుక్కున అందుకుంటుంది అనేది. "నా వాళ్లు అలా కాదే. అద్దెకు ఇల్లు చూడ్డానికొచ్చినట్టు నాలుగు చుట్లు తిరిగి, అన్నీ చూసుకునిగానీ దిగరు."

ఆ అక్కను ఊపిరితిత్తుల జబ్బు తీసుకుపోయింది. వేట రోజులు దగ్గరపడుతున్నాయి. బావ చెక్కిన బాతులు రంగు లేకుండా బల్ల నిండా పడున్నాయి. రంగులు ఎవరు వేస్తారని అతను అడగలేదు. బుల్లే అక్క కుంచెలు కడిగి, ఆమె పీటమీద కూర్చుంది.

ఏళ్ల తరబడి పక్కనుండి చూసిన పని కాబట్టి చేయి త్వరగానే కుదిరింది. బాతులు బాగానే వచ్చాయనుకుంది. కానీ వేట మొదలైన కొన్నాళ్లకే పాత ఖాతాదారు ఒకాయన, అందరూ మీసాలాయన అనే మనిషి, గోనెసంచి నిండా బాతులు తెచ్చి బల్లమీద దించాడు. పక్షులు వస్తున్నాయట, చుట్టూ తిరుగుతున్నాయట, తీరా దిగే వేళకు బెదిరి లేచిపోతున్నాయట.

"ఏమీ అనుకోకమ్మా. రంగులో ఏదో తేడా ఉంది. మీ అక్క చెయ్యి అక్క చెయ్యే" అన్నాడు.

బుల్లి బావ వైపు చూసింది. అతను తల వంచుకుని ఉలి నూరుకుంటున్నాడు.

మెరుపు ఎక్కువైందేమో, ఎండ తగిలి తళుక్కుమంటే పక్షులు బెదురుతాయి అనుకుని ఆమె ప్రతి బాతునూ గరుకు కాగితంతో రుద్దింది. మళ్లీ వేసింది. చచ్చిన బాతు రెక్క ఒకటి సంపాదించి, పక్కన పెట్టుకుని, ఈకకు ఈక సరిచూసుకుంటూ వేసింది. అవీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత మరొకరి సంచీ వచ్చింది. అన్నం సహించడం మానేసింది ఆమెకు. అక్క పోయిన దుఃఖం ఒక పక్క, అక్క పేరు చెడగొడుతున్నానన్న బెంగ ఇంకో పక్క.

చివరికి తనే చూద్దామని, బావను పడవ నడపమని అడిగింది. తెల్లవారాక ఇద్దరూ చెరువుకు వెళ్లారు. బాతుల్ని నీళ్లలో వదిలి, పడవను రెల్లులోకి తోసి కూర్చున్నారు. ఎండ కాస్త ఎక్కాక ఓ గుంపు వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకాస్త కిందికి వచ్చి ఇంకో చుట్టు తిరిగింది. కాళ్లు చాపి, రెక్కలు వంచి, ఇక నీళ్లు తాకుతాయనగా ముందున్న బాతు గట్టిగా అరిచింది. గుంపంతా విసురుగా పైకి లేచిపోయింది.

బుల్లి వాటిని చూడటం మానేసి నీళ్లమీది చెక్క బాతుల్ని చూసింది. బల్లమీద పైనుంచి చూడటమే తప్ప, ఇలా వాటి ఎత్తులో కూర్చుని చూడటం ఆమెకు ఇదే మొదలు. నిశ్చింతగా ఉన్న బాతు మెడను భుజాల్లోకి కుదించుకుంటుంది. బావ ఎప్పుడూ అలాగే చెక్కేవాడు. ఇప్పుడు నీళ్లమీద ఉన్నవాటిలో ఒక్కటంటే ఒక్కటి అలా లేదు. అన్నీ మెడలు నిక్కించుకుని ఉన్నాయి. ఏదో ముంచుకొస్తోందని భయపడుతున్నట్టు ఉన్నాయి. ఆ భయమే పైవాటికీ అంటుకుంది.

ఆ మెడ ఎక్కడ చూసిందో ఆమెకు వెంటనే తెలిసింది. చివరి నెలల్లో అక్క పడుకోలేకపోయేది. కుర్చీలో నిటారుగా కూర్చుని, మెడ చాచి, గాలిని అందుకోడానికి కొట్టుకునేది. బావ పనిబల్లను ఆ కుర్చీకి ఎదురుగా లాక్కుని, రోజంతా అక్కడే చెక్కుతూ ఉండేవాడు.

చెప్పాలా వద్దా అని ఆమె చాలాసేపు గింజుకుంది.

"బావా, మెడలు చూడు" అంది చివరికి.

అతను చూశాడు. తెడ్డు చేతిలోంచి జారి పడవలో పడింది. పట్టించుకోలేదు.

"ఎప్పట్లాగే చెక్కాననుకున్నాను బుల్లీ" అన్నాడు. "నేనూ రంగే అనుకున్నాను. తప్పు నీదే అనుకున్నాను" అన్నాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అయినా వంగి తెడ్డు తీసి అతని చేతికిచ్చింది.

ఇంటికొచ్చాక అతను పాత పద్ధతిలో, ఒంటికి విడిగా అతికించే తలలు చెక్కడానికి కూర్చున్నాడు. కొలతలన్నీ చేతికి కంఠతా వచ్చినవే. మెడ దగ్గరికి వచ్చేసరికి ఉలి ఆగిపోయేది. కొన్నిటిని సగంలో వదిలేశాడు. కొన్ని మళ్లీ పైకి చాచుకునే వచ్చాయి. వాటిని పొయ్యిలో పెట్టబోతే చేతులు రాక, అటకమీదికి ఎక్కించాడు. కొన్నాళ్లకు ఒళ్లు మాత్రం చెక్కి, తలల్లేకుండా తెచ్చి బుల్లి ముందు పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె ఈకలు, దారాలు పక్కకు జరిపి ఉలి చేతికి తీసుకుంది.

నేర్చుకోవడానికి చాలా చెక్క పాడైంది, వేళ్లు తెగాయి. ఆ ఏటి వేట రోజులు అమ్మకాలు లేకుండానే గడిచిపోయాయి. ఓ మధ్యాహ్నం, ముక్కును రొమ్ముకు ఆనించుకుని, భుజాల్లోకి ఒదిగిన తల ఒకటి కుదిరింది. ఒంటికి అతికించి బావకు ఇచ్చింది. అతను దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలితో మెడమీద మెల్లగా నిమిరాడు.

"హాయిగా పడుకుంది" అన్నాడు.

దాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయాడు. భోజనానికి పిలిచినా రాలేదు. బుల్లి అతని కంచం మీద మూత పెట్టి వచ్చి, ఇంకో చెక్కముక్క అందుకుంది.